చివరి అంకె

మా బావను టైమెంతైందని అడగడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. తన వాచీ చూసుకుంటాడు, గోడ గడియారం చూస్తాడు, ఆ రెండింటికీ మధ్య తగువు తీరుస్తాడు, అప్పుడు నోరు విప్పి "ఐదు కావస్తోంది" అంటాడు. కావస్తోందంటే ఎంత, అవతల బస్సు పోతోందని నేను మొత్తుకుంటే, "ఈ వాచీ రోజుకింత వెనకబడుతోంది మరదలా, నిమిషాలు చెప్పి మాట పడలేను" అనేవాడు. ఈలోగా బస్సు పోయేది. నేను కాళ్ళీడ్చుకుంటూ నడిచి వెళ్ళి, కుట్టుమిషన్ ముందు కూర్చుని దారం లాగుతూ ఆయన్ని నాలుగు తిట్టేదాన్ని.

మిల్లులో ఆయన్ని పాయింటు అనేవాళ్ళు. మాట మాటకీ పాయింటు తర్వాత ఏముందో ఆలోచించే మనిషి కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. మా అక్కని పాయింటుగారి భార్య అనేవాళ్ళు. మా తమ్ముడైతే ఎదురుగానే "పాయింటు బావా" అని పిలిచి, వీపు మీద ఒకటి తిని పారిపోయేవాడు.

అది కాగితం మిల్లు. ఊరు దాని చుట్టూ మొలిచింది. మధ్యలో బాయిలర్ హౌస్, అక్కడి నుంచి నలుమూలలకీ ఆవిరి గొట్టాలు. తడి కాగితాన్ని ఆరబెట్టే పెద్ద పెద్ద డ్రమ్ములకు ఆ ఆవిరి కావాలి. గొట్టం బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం ఆవిరి రాపిడికి ఏళ్ళ తరబడి అరిగిపోతుంది. తిన్నగా ఉన్నచోట కాస్త నయం, వంపు తిరిగేచోట మరీ అరుగుతుంది. కోసి చూడకుండా ఎంత మందం మిగిలిందో చెప్పడమే బావ ఉద్యోగం. చేతిలో ఇమిడే గేజ్ ఒకటి ఉండేది. గొట్టం మీద కాస్త జెల్ రాసి, దాని మొన ఆనిస్తే తెర మీద అంకెలు వచ్చేవి. గొట్టం మందం ఇన్ని మిల్లీమీటర్లు, పాయింటు ఇంత.

అంత పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో అక్క ఒకసారి చెప్పింది. బావ వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఇంకో గంటలో ఇంట్లో ఉంటాను" అనేవాడట. ఆ గంట మర్నాటి సాయంత్రానికి అయ్యేది. చిన్నప్పుడు బావ ఆ మాట పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, అక్కడే నిద్రపోయేవాడట. అబద్ధం చెప్పాలని కాదు పాపం, తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడం ఆయనకు అలవాటు. బావ దానికి సరిగ్గా ఎదురు తిరిగాడు. తెలిసినంత వరకే చెబుతాడు, ఆ తర్వాత నోరు కట్టేసుకుంటాడు. అది విన్నాక నేను కొన్నాళ్ళు బస్సుల గురించి గొడవ పడడం మానేశాను. కొన్నాళ్ళే.

ఆయన పాఠాలు భోజనాల దగ్గర జరిగేవి. ఒకరోజు నా సూది తీసి స్కేలు పక్కన పెట్టాడు. "ఎంత?" అన్నాడు.

"మూడు సెంటీమీటర్ల మీద నాలుగు గీతలు. కాస్త పైనే" అన్నాడు తమ్ముడు.

"నాలుగు దాకా కన్ను చూసింది, అది సాక్ష్యం. ఆ కాస్త ఎంత అన్నది ఊహ. ఒక్క ఊహ వరకు రాయొచ్చు, తప్పులేదు. దాని పక్కన ఇంకో అంకె పెట్టావనుకో, అది అబద్ధం. ఎంత చిన్నదైనా అబద్ధమే."

"మూడున్నర అంటే పోయేదానికి ఇంత రామాయణమెందుకు?" అన్నాను నేను.

"మూడు అని రాయడం వేరు, మూడు పాయింటు సున్నా అని రాయడం వేరు మరదలా. సున్నా ఊరికే కూర్చోదు. పదోవంతు దాకా చూశాను, అక్కడేమీ లేదు అని చెబుతుంది. చూడకుండా సున్నా పెడితే దొంగసాక్ష్యం పెట్టినట్టే."

తమ్ముడికి ఇవన్నీ ఇష్టం. బాయిలర్ హౌస్‌లో పని వాడిది, వాల్వులు తిప్పడం, ప్రెషర్ చూడడం, డ్యూటీ దిగాక మా ఇద్దరి బుర్రలూ తినడం. ఏ అంకె కనిపించినా బావకి తెచ్చి చూపించేవాడు. మందు సీసా మీద అంకె, పెట్రోలు బంకు మీద అంకె, పక్కింటివాళ్ళ కొత్త ఫ్రిజ్ మీద అంకె. "ఇందులో నిజం ఎన్ని అంకెల దాకా బావా?" అనేవాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని తీర్పు చెప్పేవాడు. వాళ్ళిద్దరినీ అలా చూస్తే నాకు విసుగూ వచ్చేది, ముచ్చటగానూ ఉండేది.

నా కొలతలు వేరు. నేను బట్టలు కుడతాను. సుద్దతో గీత గీస్తాను గాని గీత మీద కత్తెర పెట్టను, కుట్టుకు ఇంత వదిలి కోస్తాను. మనిషి ఊపిరి తీసుకుంటాడు, కూర్చుంటాడు, ఒళ్ళు చేస్తాడు. గీత మీద కోస్తే మర్నాడే చంక చిరుగుతుంది. ఈ మాట బావతో అంటే, "మీ పని హాయి, వదలడానికి బట్ట ఉంటుంది" అని నవ్వేవాడు.

అక్క అదే మిల్లులో, తనిఖీ ఆఫీసులో రిపోర్టులు కొట్టేది. బావ కొలిచి ఇచ్చిన కాగితం చూసి కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. అక్కడ గోడకు నియమాల బోర్డు ఉంది. వంపుల దగ్గర మందం ఆరు మిల్లీమీటర్లకు తగ్గితే ఆ ముక్క మార్చాలని అందులో ఉంది. ఆరు అనే ఉంది, ఆరు పాయింటు సున్నా అని లేదు. అందుకని ఎప్పుడో ఒక పెద్ద ఇంజనీరు ఒక పద్ధతి పెట్టాడు: బోర్డు మీద ఎన్ని అంకెలున్నాయో, కొలతను కూడా అన్ని అంకెలకే రౌండు చేసి, అప్పుడు పోల్చాలి. సగం, ఆపైన ఉంటే పైకి. సగానికి తక్కువైతే కిందికి. లేకపోతే ఐదు పాయింటు తొమ్మిది వచ్చినప్పుడల్లా మిల్లు ఆపి కూర్చోవాలట.

నాకు ఇది మింగుడు పడేది కాదు. "ఐదున్నర ఆరెలా అవుతుందే?" అని అక్కని అడిగాను.

"పద్ధతే అంత. మీ బావే నేర్పారు నాకు. అయినా ఆ పద్ధతిని లెక్కలో వేసుకునే బోర్డు మీద ఆరు పెట్టారట. నిజానికి ఐదు దాకా తట్టుకుంటుందట" అంది అక్క.

"తట్టుకుంటుందట" అన్నది ఎవరన్నారో నేను అడగలేదు. అడిగినా ఎవరో అన్నారనే చెప్పేది.

మిల్లును ఏడాదికోసారి కొన్నాళ్ళు ఆపి కొలతలు తీసేవాళ్ళు. గేజ్ తెర మీద పాయింటు తర్వాత రెండు అంకెలు కనిపించేవి గాని, రెండోదాని మీద బావకి నమ్మకం లేదు. మొన కాస్త వంకర పడినా, జెల్ ఎక్కువైనా అది మారిపోతుంది. అందుకని కాగితం మీద ఒక్క అంకె వరకే రాసి సంతకం పెట్టేవాడు. తెర మీద కనిపించినదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు సుద్దముక్కతో, గొట్టం మీద చుట్టే తగరపు తొడుగు మీద రాసేవాడు. ఆ వంపులు కొలిచేవాళ్ళందరికీ అదే అలవాటు, తర్వాత వచ్చేవాడికి గుర్తు కోసం. సంతకం కాగితానికే, సుద్ద గీతకు కాదు.

ఆ ఏడు మిల్లు మళ్ళీ మొదలైన వారానికి, సెలవు రోజున అందరం అక్క ఇంట్లో కలిశాం. అమ్మ వంటింట్లో ఉంది. నేను కిటికీ దగ్గర కూర్చుని అక్క జాకెట్టుకు అంచు కుడుతున్నాను. తమ్ముడు కంచంలో చెయ్యి పెట్టి, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు.

"బావా, నా వాల్వు నెత్తి మీద ఉన్న వంపు మీద ఐదు పాయింటు నాలుగు ఆరు అని రాశారు."

"అవును."

"రిపోర్టులో అక్క ఆరు అని కొట్టిందట. ఐదు పాయింటు నాలుగు ఆరు సగానికి తక్కువే కదా. కిందికి పోవాలి, ఐదు అవ్వాలి. ఐదైతే మార్చాలి."

"నేను ఐదున్నర రాశాను. ఐదున్నర ఆరే అవుతుంది, మీ అక్క తప్పు కొట్టలేదు" అన్నాడు బావ.

"మరి నాలుగు ఆరు?"

"ఆ చివరి ఆరు గేజ్ ఊహ. దాన్ని నేను నమ్మను, నువ్వూ నమ్మకు. నమ్మనిదాని కింద సంతకం పెట్టమంటావా?"

వాడి చెయ్యి ఇంకా కంచంలోనే ఉంది. "అక్కడ నిలబడితే ఒక్కోసారి సన్నగా ఈల వినిపిస్తోంది బావా" అన్నాడు.

"ఈలకు మిల్లీమీటర్లు ఉండవు. కంచంలోది తిను" అన్నాడు బావ. వాడు నవ్వి తిన్నాడు. నేను దారం కొరికేసి ఇంకో వైపు అంచు మొదలుపెట్టాను. అమ్మకి ఆ మాటలేవీ వినిపించలేదు. అక్క అప్పటికే నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆ మాటలు విన్నది మేం ముగ్గురమే.

గొట్టం పగిలినప్పుడు పెద్ద చప్పుడు వస్తుందనుకుంటారు. రాలేదు. మా దుకాణం వీధికి ముందు బుస్సుమనే శబ్దం వచ్చింది, ఆగకుండా, చెవులు చిల్లులు పడేలా. తర్వాత మిల్లు గోడ మీదుగా తెల్లటి ఆవిరి లేచింది. నేను టేపు మెడలో వేసుకునే పరుగెత్తాను. గేటు దగ్గర జనం. ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. బావ లోపలి నుంచి వచ్చాడు, చొక్కా అంతా తడి, కళ్ళజోడు మీద మంచు పట్టినట్టు ఆవిరి. నన్ను చూశాడు. చూసి గోడకు ఆనుకున్నాడు. ఏ వంపు అని నేను అడగలేదు.

తమ్ముడితో పాటు కాలినవాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్ళు బతికారు. వాడు ఆస్పత్రిలో కొన్ని రోజులు ఉన్నాడు. కాలినవాళ్ళ వార్డులో గాజు తలుపు, దాని వెనక మంచానికి కట్టిన తెర. ముఖం సగం కనిపించేది. ఒంటి మీద గుడ్డ ఆననివ్వకూడదని ఒక చట్రం పెట్టి దాని మీద దుప్పటి కప్పారు. ఎన్ని చొక్కాలు కుట్టాను వాడికి, కొలత నోటికి వచ్చు. ఇప్పుడు గుడ్డ తగలకూడదట. నర్సు ఆ మాట చెప్పినప్పుడు నేను బయటికి వచ్చి మెట్ల మీద ఏడ్చాను.

ఒకసారి లోపల నేనొక్కదాన్నే ఉన్నాను. వాడు పెదవులు కదిపాడు. వంగి విన్నాను.

"బావని ఏమీ అనకే" అన్నాడు.

"ఎవరేమన్నారు, నువ్వు మాట్లాడకు" అన్నాను.

"నీ నోరు నాకు తెలుసులే" అన్నాడు. నవ్వబోయాడు. ఆ నవ్వు వాడిని ఎంత బాధపెట్టిందో చూశాక, అననని మాట ఇచ్చాను. అంతకుముందు ఎవరికీ అలాంటి మాట ఇచ్చిన పాపాన పోలేదు. రెండు రోజులకు వాడు పోయాడు.

అమ్మ కూలబడలేదు, గుండెలు బాదుకోలేదు. ఒకటే ప్రశ్న పట్టుకుంది. "వాడికి ముందే తెలుసా? అది పగులుతుందని వాడికేమైనా అనుమానం ఉందా? భయపడుతూ వెళ్ళాడా, మామూలుగా వెళ్ళాడా?" పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగింది. తెలియదమ్మా, ఏమీ తెలియకుండానే అయిపోయింది, కంటి రెప్పపాటు అని అందరూ చెప్పారు. అక్క చెప్పింది. నేనూ చెప్పాను. బావని కూడా అడిగింది. ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. పాపం తట్టుకోలేకపోతున్నాడని అమ్మే జాలిపడింది. నా ఒళ్ళు మండిపోయింది. మాట ఇచ్చిన పాపానికి పళ్ళు బిగబట్టుకున్నాను.

తర్వాత విచారణ అన్నారు. అంతకు ముందే మేనేజరు ఒక పని చేశాడు. ఐదున్నర అని స్పష్టంగా రాసిన కాగితాన్ని చూసి ఆరు అని కొట్టిన గుమస్తాను పనిలోంచి ఆపేశాడు. అంటే అక్కని. కేసు కూడా పెట్టొచ్చని ఎవరో చెప్పారు. తమ్ముణ్ణి చంపిన అక్క అని బజార్లో గుసగుసలు మొదలయ్యాయి. పద్ధతి గురించి, బోర్డు గురించి ఎవరికి కావాలి? ఐదున్నర ఆరు కాదని చిన్నపిల్లాడికైనా తెలుసు, అంటున్నారు. నేనూ ఒకప్పుడు అలా అన్నదాన్నే.

అక్క మంచం దిగడం మానేసింది. "నేను తప్పు కొట్టలేదే. సగం పైకే కదా పోవాలి? ఆయన అలాగే కదా నేర్పారు?" అని నన్ను పదే పదే అడిగేది. అవునే, సగం పైకే పోవాలి అనేదాన్ని. అది తప్ప ఇంకేం చెప్పను?

తెర మీద సగానికి తక్కువే వచ్చిందని ఇప్పుడు ప్రాణాలతో ఉన్నవాళ్ళలో బావకి తెలుసు, నాకు తెలుసు. సుద్దగీత తగరపు రేకుతో పాటు చిరిగి కొట్టుకుపోయింది. ఆయన నోరు విప్పకపోతే కాగితం మీద ఐదున్నర మిగులుతుంది, నింద మోయడానికి అక్క మిగులుతుంది. విప్పితే ఆయన మీదికి వస్తుంది. అంతకన్నా పెద్ద గండం అమ్మ, ఆమె ప్రశ్నకు నిజం చెప్పాల్సి వస్తుంది.

విచారణ ముందురోజు సాయంత్రం ఆయన వరండాలో గేజ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దాని మొనను అరుగు మీదున్న ఇనుప రేకుకు ఆనిస్తున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ ఆనిస్తున్నాడు.

"అననని వాడికి మాటిచ్చాను, కాబట్టి అనను. అడుగుతున్నాను అంతే. రేపు చెబుతారా, చెప్పరా?" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "అక్కడ ఏం చెప్పాలో తెలుసు. ఇంటికొచ్చి అత్తయ్య ముందు ఎలా నిలబడాలో తెలియడం లేదు."

"అక్క మంచం మీద కుళ్ళిపోతోంది, తెలుసా అదైనా?"

"తెలుసు" అన్నాడు. గేజ్ పక్కన పెట్టాడు. "ఆ వంపుకి నేను మొన చాలాసార్లు ఆనించాను మరదలా. నాలుగు ఆరు వచ్చింది, నాలుగు ఎనిమిది వచ్చింది, నాలుగు మూడు వచ్చింది. చివరి అంకె ఊగుతూనే ఉంది. కానీ ఒక్కసారి కూడా సగానికి చేరలేదు. ఊగే అంకెను నమ్మకూడదనుకున్నాను గాని, అది ఎంత ఊగినా ఏ వైపున ఊగుతోందో చూడలేదు."

నాకు అప్పుడు ఆయన మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. రెండింట్లో ఏది చూపించాలో తెలియక లోపలికి పోయి తలుపేసుకున్నాను.

విచారణ మిల్లు పక్కనే ఉన్న పాత క్యాంటీన్ గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, వెనక మూడు కుర్చీలు, మధ్య కుర్చీలో జుట్టు నెరిసిన విచారణాధికారి. మంచి మనిషిలాగే ఉన్నాడు, ప్రతివాళ్ళనీ కూర్చోమంటున్నాడు. అమ్మ రాలేదు. నేను వెనక బెంచీ మీద అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అక్కని అడిగారు. ఉన్నది చెప్పింది. మేనేజరు లేచి, "పద్ధతి ఉంది నిజమే. సరిగ్గా సగం మీద ఉన్నప్పుడు ఒక్కసారి అడగాలి కదండీ ఈవిడ" అన్నాడు. ఎంత చల్లగా తోసేశాడో. తర్వాత బావని పిలిచారు.

"మీరు రాసింది ఐదున్నరే కదా?" అన్నాడు అధికారి.

"రాసింది అదేనండీ. చూసింది అది కాదు" అన్నాడు బావ.

గదిలో కుర్చీ కిర్రుమంది. మేనేజరు బావ వైపు తిరిగాడు.

"తెర మీద ఐదు పాయింటు నాలుగు ఆరు వచ్చింది. ఎన్నిసార్లు ఆనించినా సగం దాటలేదు. దాన్ని నేను ఐదున్నరకు రౌండు చేశాను. నేను రౌండు చేశానని తెలియక ఈవిడ మళ్ళీ రౌండు చేసింది. చూసినదాన్ని ఒకేసారి చేసి ఉంటే ఐదు వచ్చేది, ముక్క మార్చేవాళ్ళు. రెండుసార్లు చెయ్యడం వల్ల ఆరైంది. ఈవిడ చేతిలో పడేసరికే అది ఎక్కువైపోయి ఉంది. ఈవిడది తప్పు కాదు."

అక్క నా చెయ్యి వదిలేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అధికారి పెన్ను కింద పెట్టాడు. "మీ గేజ్ రెండో అంకె నమ్మదగ్గదేనా?" అన్నాడు.

"కాదండీ."

"నమ్మలేని అంకెను రాయకపోవడం సరైన పనే కదా? పుస్తకాల్లో కూడా అదేగా ఉంది?"

"ఉందండీ."

"అయితే మీ తప్పేమిటి?"

బావ జీవితమంతా ఏ నియమాన్ని పట్టుకుని నిటారుగా నిలబడ్డాడో, అదే నియమం ఇప్పుడు ఆయన్ని కాపాడుతోంది. కాపాడొద్దని ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. తమ్ముడు అడిగిన మాట ఇప్పుడు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. వెళ్ళి కూర్చున్నాడు.

కొన్ని వారాలకు తీర్పు చదివి వినిపించడానికి మళ్ళీ అదే గదికి పిలిచారు. కొలిచినవాడు పద్ధతి ప్రకారమే రాశాడు, అతని లోపం స్వల్పం. టైపు చేసినామె పద్ధతి ప్రకారమే చేసింది, ఆమె లోపం స్వల్పం. పద్ధతి పెట్టిన ఇంజనీరు అప్పటి పరిస్థితులను బట్టి పెట్టాడు, ఆయన ఇప్పుడు లేడు. యాజమాన్యం నియమాల బోర్డు పెట్టింది, అమలు చేసింది, దానిదీ స్వల్పమే. ఏ ఒక్కరి మీదా నేరం మోపడానికి తగినంత కారణం కనబడలేదు. అక్కను తిరిగి పనిలోకి తీసుకోవాలి. ఇకమీదట రెండో అంకె కూడా రాయాలి.

అందరూ లేచి చేతులు దులుపుకున్నారు. మేనేజరు వచ్చి బావ భుజం తట్టాడు. "అయింది లెండి, పీడ విరగడైంది" అన్నాడు. వాడి మొహాన కత్తెర విసరాలనిపించింది నాకు.

బయట మెట్ల మీద బావ ఆగిపోయాడు. అక్క ముందు నడుస్తోంది.

"చూశావా మరదలా, వీళ్ళూ అదే చేశారు" అన్నాడు.

"ఏది?"

"ఒక్కొక్కరి తప్పూ విడివిడిగా తీశారు. సగానికి తక్కువుంది, సున్నా. ఇంకొకరిదీ తక్కువే, సున్నా. ఆ సున్నాలన్నీ కూడి సున్నా అన్నారు. ముందు కూడాలి. అన్నీ ఉన్నవి ఉన్నట్టు కూడాలి, రౌండు చేస్తే ఆఖర్న చెయ్యాలి." ఒక మెట్టు దిగాడు. "కూడితే ఒక మనిషి వస్తాడు. నిండుగా ఒకడు."

మా ఇంటివైపు నడిచాం.

అమ్మ వాకిట్లోనే పీట వేసుకుని కూర్చుంది. తమ్ముడి చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి, తీయనివ్వడం లేదు. అక్క వెళ్ళి పక్కన కూలబడి ఏడుస్తూ, ఎవరి తప్పూ లేదన్నారమ్మా అంది. అమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకు అందినట్టు కూడా లేదు. ఎప్పటి ప్రశ్నే మళ్ళీ మొదలుపెట్టింది, ఎవరినీ ప్రత్యేకంగా కాకుండా, గాలినే అడుగుతున్నట్టు.

"పోనీ వాడికి తెలియదు కదా? ఏమీ తెలియకుండానే వెళ్ళాడు కదా?"

"తెలియదమ్మా" అంది అక్క, అలవాటుగా.

బావ చెప్పులు విడిచి వచ్చి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ కుర్చీ అంచున, ప్యాంటు మడత నలగకుండా కూర్చునే మనిషి.

"తెలుసు అత్తయ్యా" అన్నాడు.

అమ్మ ఆయన వైపు చూసింది. అక్క ఏడుపు ఆగిపోయింది.

"వాడికి తెలుసు. సుద్దతో రాసిన అంకె చూశాడు. అది మార్చాల్సిన ముక్క అని లెక్కకట్టి మరీ నన్ను అడిగాడు, మా ఇంట్లో, కంచం ముందు కూర్చుని. ఈల వినిపిస్తోందని కూడా చెప్పాడు. అక్కడ వాళ్ళకి ఇది చెప్పలేదు నేను. మీకు చెప్పాలి."

అమ్మ పెదవులు ఆరిపోయినట్టున్నాయి. నాలుకతో తడుపుకుంది. ఆమె కేకలు వేస్తుందనుకున్నాను, లేచి కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"తెలిస్తే మరి ఎందుకు వెళ్ళాడు నాయనా పనికి?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

బావ ఏది అడిగినా అంచనా అని, దగ్గర దగ్గర అని, ఇంచుమించు అని చెప్పే మనిషి. ఈసారి ఆయన దగ్గర అలాంటి మాటలేవీ లేవు.

"ఆ అంకెను నమ్మొద్దని చెప్పాను అత్తయ్యా. వాడు నన్ను నమ్మాడు."

అమ్మ చెయ్యి చాచి, తమ్ముడి చెప్పులు రెండూ దగ్గరికి లాక్కుని, ఒళ్ళో పెట్టుకుంది.